తొమ్మిదో గడి

మన ఇల్లు, కింది గది
మార్చి 3

తమ్ముడూ,

ముందు ఆశీస్సులు, తర్వాత కబుర్లు. ఎట్టకేలకు మన వీధికీ శరణార్థులు వచ్చారు. పక్క వీధికి డిసెంబరులోనే వచ్చారు, అప్పటినుంచి ఆ వీధివాళ్ళ కళ్ళు నెత్తికెక్కి కూర్చున్నాయి. ఇప్పుడు మనకూ ఇద్దరు: ఒక పెద్దావిడ, ఆవిడ కోడలు. పెద్దావిడ కొడుకు ఎక్కడో సరిహద్దు దగ్గర రేకుల షెడ్డులో ఆగిపోయాడట. వీళ్ళిద్దరినీ ప్రస్తుతానికి గ్రంథాలయం వెనక గదిలో పెట్టారు.

ఆ సాయంత్రమే స్వాగత సంఘం పెట్టేశాం. వీధిలో మూడంతస్తుల మేడ ఉంది కాబట్టి మేడావిడ అధ్యక్షురాలు. పనిచేసేవాళ్ళు ఒకరుండాలి కాబట్టి నేను కార్యదర్శిని. బడినంతా నడిపిన హెడ్‌మిస్ట్రెస్‌ని, ఇద్దరు మనుషులను నడపలేనా? టైంటేబుల్ గీశాను. సోమవారం భాష, మంగళవారం ఊరి పరిచయం, బుధవారం పరిశుభ్రత, మిగతా రోజులు పరామర్శలు. బీరువాలోంచి నా పాత చేతిగంట తీసి తోమి పెట్టాను. క్లాసుకు ముందు గంట కొట్టకపోతే నాకు మాట రాదు.

వీధిజనం మనసు ఎంత పెద్దదో చూడాలి నువ్వు! పదిహేడు దుప్పట్లు వచ్చాయి, నాలుగు గోడగడియారాలు (ఒకటి నడుస్తుంది), ఒక చేపల తొట్టి, ఎడమకాలి బూటు ఒకటి. కుడికాలిది వెతుకుతున్నారట. నేను చిన్న ఉపన్యాసం కూడా ఇచ్చాను. "ఈ మట్టిలో పుట్టిన బిడ్డలం, అతిథిని ఆదరించడం మన రక్తంలోనే ఉంది" అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు, గుండీల కొట్టాయన తప్ప. ఆయన ఏమీ ఇవ్వలేదు కూడా. నా వంక ఒకసారి చూసి కొట్లోకి వెళ్ళిపోయి, గుండీలు ఏరుకుంటూ కూర్చున్నాడు. ఆ మనిషి మారడు.

పెద్దావిడకు మన భాష రాదు. అందుకని ఒక్కో అక్షరం విడదీసి గట్టిగా మాట్లాడుతున్నాను: "మీ-కు, ఏ-మై-నా, కా-వా-లా?" ఆవిడ నాకంటే ఓ ఏడాది పెద్దదేమో, అంతే. అయినా చిన్నపిల్లలా తల ఊపింది. కోడలికి మాత్రం షెడ్డులో ఉండగా అబ్బిన నాలుగు ముక్కలు వచ్చు.

మరదలికి నా మాటగా చెప్పు, బీపీ మాత్రలు మానొద్దని.

నీ అక్క


ఏడో కౌంటరు, భోజన విరామం
మార్చి 9

అక్కయ్యా,

పదిహేడు దుప్పట్ల సంగతి చదివి మీ మరదలు ఫ్యాను వేసుకుంది. వాళ్ళకు చలి వేయకుండా చూసుకున్నందుకు సంతోషం. ఎండాకాలం వస్తోందని ఎవరైనా సంఘానికి చెప్తే బాగుండు.

ఈ శరణార్థుల ఆఫీసులో నా కౌంటరుకు దుప్పట్లు రావు అక్కా, ఫారాలు వస్తాయి. వాళ్ళ గురించి ఒక్క ముక్క చెప్తాను, చెవిన వేసుకో. గ్రంథాలయం గది మూడు నెలలకే. మే 31 లోపు ఆ వీధిలో సొంత ఇల్లున్నవాళ్ళెవరైనా "ఏడాదిపాటు వీళ్ళకు నా ఇంట్లో గది ఇస్తాను" అని హామీ పత్రం మీద సంతకం చేయాలి. చేస్తే కొడుకును కూడా ఆ చిరునామాకే పంపిస్తారు. చేయకపోతే అత్తనూ కోడలినీ ఉత్తరం వైపు షెడ్లకు తోలేస్తారు. కొడుకు ఉన్నది దక్షిణం వైపు. ఆ తర్వాత ఒకళ్ళ ఫైలు ఇంకొకళ్ళ ఫైలును కలుసుకోవడానికి ఎన్నేళ్ళు పడుతుందో, రోజూ అక్కడే కూర్చునే నేనే చెప్పలేను.

ఈ ఆఫీసు ఉద్యోగులు సంతకం పెట్టకూడదు, లేకపోతే నేనే పెట్టేవాణ్ణి. మన మేడ మీది గది ఖాళీగానే ఉందిగా? ఫారం ఇందులో పెడుతున్నాను. ఒక్క సంతకం, అంతే.

నీ తమ్ముడు


మన ఇల్లు, కింది గది
మార్చి 26

తమ్ముడూ,

క్లాసులు జోరుగా సాగుతున్నాయి, ఊపిరాడటం లేదు. బుధవారం చేతులు కడుక్కునే పద్ధతి చూపించాం. సంఘం సభ్యులు తొమ్మిదిమంది వరసగా నిలబడి కడిగి చూపించారు. వాళ్ళిద్దరూ ఎంతో శ్రద్ధగా చూశారు. చివర్న పెద్దావిడ లేచి మా అందరికీ తువ్వాలు అందించింది.

భాష క్లాసుకు బొమ్మల కార్డులు తీసుకెళ్తున్నాను. కుక్క, పిల్లి, గొడుగు. ఆవిడ నేర్చుకుంటోంది కానీ ఒక్కోసారి మరీ చనువు తీసుకుంటుంది. మొన్న నేను అటు తిరిగేలోగా కార్డులన్నీ తీసి, తేలికవి ముందు, కష్టమైనవి వెనక సర్దేసింది. నిన్న బోర్డు కూడా తనే తుడిచింది. పైనుంచి కిందికి, ఒక్కొక్క పట్టీగా, దుమ్ము ఎగరకుండా. నాకు నచ్చలేదు. ఎవరి పని వాళ్ళు చేయాలి.

కోడలికి బట్టలుతికే కంపెనీలో పని ఉందని కబురొచ్చిందట. మంగళవారం రమ్మన్నారట. మంగళవారం ఊరి పరిచయం కదా, ఎలా పంపను? మునిసిపల్ ఫౌంటెన్ దగ్గరకు తీసుకెళ్ళాం. నీళ్ళు రావడం లేదు కానీ చరిత్ర చెప్పాం.

నీ ఫారం చూశాను. మంచి కాగితం. సమావేశంలో చదివి వినిపించాను కూడా. అందరూ నీళ్ళు నమిలారు. మేడావిడకు మూడో అంతస్తు నిండా అతిథుల కోసం ఉంచిన సోఫాలున్నాయి. అతిథులు వస్తే ఎక్కడ కూర్చుంటారని ఆవిడ బెంగ. మన మేడ మీది గదిలో పెట్టెలున్నాయని నీకు తెలుసు. ఎవరో ఒకరు పెడతారులే, మే ఎంతో దూరం ఉంది.

మరదలి మోకాళ్ళెలా ఉన్నాయి?

నీ అక్క


ఏడో కౌంటరు
ఏప్రిల్ 2

అక్కయ్యా,

మోకాళ్ళు బాగానే ఉన్నాయి. నువ్వు మాట దాటేసినప్పుడల్లా మీ మరదలి ఒంట్లో ఏదో ఒక భాగాన్ని అడుగుతావని ఇప్పుడే కనిపెట్టాం.

ఇది నేను చెప్పకూడదు, ఫైలులోది. కానీ బోర్డు తుడిచిన సంగతి చదివాక ఉండబట్టలేకపోతున్నాను. పెద్దావిడ ఫారంలో నాలుగో గడి, వృత్తి: ప్రధానోపాధ్యాయురాలు, ఇరవై ఆరేళ్ళ సర్వీసు. నువ్వు ఒక హెడ్‌మిస్ట్రెస్‌కు గొడుగు బొమ్మ చూపిస్తున్నావు అక్కా. నిన్నెవరైనా కూర్చోబెట్టి పిల్లి బొమ్మ చూపిస్తే ఆ రోజు వీధిలో ఏమవుతుందో ఊహించుకుని, మేమిద్దరం చాలాసేపు నవ్వుకున్నాం.

ఇక హామీ పత్రం. ముప్ఫై ఏళ్ళుగా ఈ ఫారాలు చూస్తున్నాను. ఎనిమిది గడులు గబగబా నింపేస్తారు. తొమ్మిదోదాని దగ్గరే కొందరి కలం ఆగిపోతుంది. "హామీదారు ఈ ఊళ్ళో పుట్టినవారా? కాని పక్షంలో ఎప్పుడు, ఎక్కడినుంచి, ఏ పరిస్థితిలో వచ్చారు?" పైగా ఫారం నకలు పదిహేను రోజులు మునిసిపల్ నోటీసు బోర్డు మీద అంటిస్తారు. అందుకని జంకుతారు.

నీకా బాధ లేదుగా. నువ్వు ఈ మట్టిలో పుట్టిన బిడ్డవి. నేనూ ఆ ఇంట్లోనే, కింది గది కిటికీ పక్కన పుట్టానని నువ్వే కదా చూపించావు. మరింకేం?

నీ తమ్ముడు


మన ఇల్లు
ఏప్రిల్ 20

తమ్ముడికి,

నీకు ఉద్యోగం ఇచ్చింది ముద్రలు వేయడానికి, అక్కను నిలదీయడానికి కాదు. పెట్టెలున్నాయని ఒకసారి చెప్పాను.

నిన్న కృతజ్ఞతా సభ పెట్టాం. ఆలోచన మేడావిడదే, ఏర్పాట్లు నావి. దాతలందరూ కుర్చీల్లో కూర్చున్నారు, దుప్పట్లు బల్ల మీద పేర్చాం. పెద్దావిడ స్టూలు మీద నిలబడి, మా వీధికి ధన్యవాదాలు చెప్తూ ఒక పాట పాడాలి. పదిహేను రోజులు నేర్పించాను. ఆవిడ వచ్చింది, నిలబడింది, నోరు తెరవలేదు. ఐదు నిమిషాలు అందరి మొహాలూ ఒక్కొక్కటిగా చూసింది, హాజరు వేస్తున్నట్టు. దిగి వెళ్ళిపోయింది. మేడావిడ "పాపం, సిగ్గు" అంది. సిగ్గు కాదని నాకు తెలుసు. తలనొప్పితో ఇంటికొచ్చేశాను.

దారిలో గుండీలాయన ఆపాడు. "మేడ మీది గది తాళంచెవి పోయిందాండీ?" అని అడిగాడు. "పోతే చెప్పండి. మా అమ్మ చేయించిన రెండో చెవి నా దగ్గర ఇంకా ఉంది. నాకే ఇల్లుంటే ఈపాటికి సంతకం పెట్టేవాణ్ణి" అన్నాడు. ఎంత పొగరు!

నీ అక్క


ఇల్లు, వంటింటి బల్ల దగ్గర
ఏప్రిల్ 27

అక్కయ్యా,

ఈ ఉత్తరం ఆఫీసులో రాయడం ఇష్టం లేక ఇంటి దగ్గర రాస్తున్నాను. మూడుసార్లు చింపి రాశాను.

ఉద్యోగంలో చేరిన ఏడాదే పాత ఫారాల గది సర్దమని నన్ను పంపారు. అక్కడ ఒక హామీ పత్రం కనబడింది. హామీదారు మన వీధిలో గుండీల కొట్టు పెట్టుకున్న ఒకావిడ. చిరునామా మన ఇల్లే, అప్పట్లో ఆవిడది. ఇచ్చిన గది: మేడ మీది గది. వచ్చినవారు: ఒక తల్లి, ఎనిమిదేళ్ళ కూతురు, పది నెలల కొడుకు. తండ్రి గడిలో "దారిలో" అని ఒక్క మాటే రాసి ఉంది. కింద అమ్మ వేలిముద్ర.

అది చూసి ఆ రోజంతా ఎవరికీ ముద్ర వేయలేకపోయాను. కడుపులోనే దాచుకున్నాను. ఎప్పటికైనా నువ్వే చెప్తావని ముప్ఫై ఏళ్ళు ఎదురుచూశాను. నువ్వు ప్రతిసారీ కిటికీ చూపించేదానివి. నీ మాట కాదనడానికి నాకు నోరు రాలేదు.

నాకు నీమీద కోపం లేదు. కానీ మే 31 దగ్గరకొచ్చేసింది. నీకు ఆ గడి నింపడం ఎంత కష్టమో నాకు తెలియదు, అది నింపకపోతే ఒక తల్లికి కొడుకు దక్కడని మాత్రం తెలుసు. ఇక అడగను.

నీ తమ్ముడు


మన ఇల్లు, మేడ మీది గది
మే 10

తమ్ముడూ,

పై నుంచి రాస్తున్నాను. పెట్టెలు రెండే ఉన్నాయి, అవీ ఖాళీవి.

నీకు అన్నీ తెలిసి ఉండీ ముప్ఫై ఏళ్ళు కిటికీ చూసి తల ఊపావా! నా అంత మొండివాడివి. సరే, ఇప్పుడు నాకు తెలిసింది రాస్తాను.

మనం వచ్చినప్పుడూ ఒక సంఘం ఉండేది. మనకూ దుప్పట్లే ఇచ్చారు. నన్ను బెంచీ మీద నిలబెట్టి పాట పాడించారు. నేను పాడాను, బాగా పాడాను, రెండోసారి కూడా పాడమన్నారు. అప్పుడు అమ్మ నేల చూపులు చూస్తూ కూర్చుంది. గుండీల మామ్మ మాత్రం ఆ సభకు రాలేదు. ఒక్క దుప్పటి ఇవ్వలేదు, ఒక్కసారి నవ్వలేదు. మర్నాడు పొద్దున్నే వచ్చి అమ్మ చేతిలో ఈ గది తాళంచెవి పెట్టి వెళ్ళిపోయింది. ఆ తర్వాత చాలా ఏళ్ళకు ఇల్లు మనకే అమ్మింది. ఆ రోజుల నాటివాళ్ళు వీధిలో ఇప్పుడు ఎవరూ లేరు, ఆవిడ కొడుకు తప్ప. ఆయన ఏ రోజూ ఎవరి దగ్గరా నోరు జారలేదు. నోరు జారకపోవడం వల్లే ఆయన్ని చూస్తే నాకు ఒళ్ళు మండేది.

బడిలో టీచరు నాతో ఒక్కో అక్షరం విడదీసి, గట్టిగా మాట్లాడేది. నేను చెవిటిదాన్ని కాదు. ఇంకెప్పుడూ ఎవరూ నాతో అలా మాట్లాడకూడదని ఒట్టు పెట్టుకున్నాను. రెండేళ్ళలో ఈ ఊరివాళ్ళకంటే బాగా మాట్లాడటం నేర్చాను. నీకు మాటలు వచ్చేనాటికి ఇంట్లో మన పాత భాష వినపడకుండా చేశాను. అమ్మకు మాత్రం యాస పోలేదు. ఎవరైనా ఇంటికొస్తే అమ్మను మాట్లాడొద్దనేదాన్ని. "అమ్మకు గొంతు నొప్పి" అని చెప్పేదాన్ని. పదకొండేళ్ళు గొంతు నొప్పి, తమ్ముడూ. పోయేదాకా. అమ్మ నన్ను ఒక్క మాట అనలేదు, అనాలంటే మాట్లాడాలి కదా. నాకు అమ్మంటే సిగ్గేసింది. ఈ మాట ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

ఇంకొకటి. ఆ అత్తా కోడళ్ళు మాట్లాడుకునేది అమ్మ భాష. మొదటి రోజునుంచీ నాకు ప్రతి ముక్కా అర్థమవుతోంది. వాళ్ళు నా ఎదుటే నా గురించి చెప్పుకుంటారు. నాకు "గంటావిడ" అని పేరు పెట్టారు. "గంటావిడ మంచిదే, చెవులే పాపం వినపడవనుకుంటా, అందుకే అరుస్తుంది" అంది పెద్దావిడ. అది విని కూడా "గొ-డు-గు" అని అరిచాను. సభకు ముందు కోడలు "పాడేయండి అత్తయ్యా, పాడితే ఎవరైనా సంతకం పెడతారేమో" అని ఏడ్చింది. పెద్దావిడ, "పాడి తెచ్చుకున్న గదిలో నా కొడుకును ఎలా కూర్చోబెట్టను?" అంది. ఆ మాట కూడా నాకు అర్థమైంది. అర్థం కానట్టు హార్మోనియం మీది గుడ్డ సర్దాను.

ఇవాళ పొద్దున్న గుండీల కొట్టుకు వెళ్ళాను. తాళంచెవి నిజంగానే పోయింది, నేనే ఎప్పుడో పారేశాను. ఆయన సొరుగులోంచి రెండో చెవి తీసి ఇచ్చాడు. గది ఊడ్చాను. ఫారం తీసి నింపడం మొదలుపెట్టాను. తొమ్మిదో గడి చిన్నది, చాల్లేదు. కాగితం వెనక కూడా రాయవచ్చా?

నీ అక్క


ఆఫీసు
మే 24

అక్కయ్యా,

వెనక రాయకూడదని రూలు ఉంది. నువ్వు రాసి పంపేశావు కాబట్టి ఇప్పుడు ఆ రూలు ఎవరికీ గుర్తులేదు.

సొంతవాళ్ళ ఫారం నేను ముట్టుకోకూడదు. ఆరో కౌంటరావిడకు ఇచ్చాను. ఆవిడ ముందు వైపు చదివింది, తిప్పింది, వెనక వైపు చదివింది, మళ్ళీ తిప్పింది. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని ముద్ర వేసింది. "పది నెలల కొడుకు అంటే మీరేనా?" అని అడిగింది. నేనేనన్నాను. ఆఫీసులో ఆ మాట బయటికి అనడం ఇదే మొదటిసారి. ఆవిడ తన టిఫిను డబ్బాలో సగం నాకు పెట్టింది. ఎందుకో ఆవిడకూ తెలియదు.

కొడుకును జూన్ రెండో వారంలో పంపుతారు. నకలు ఒకటో తేదీనుంచి నోటీసు బోర్డు మీద ఉంటుంది. ధైర్యంగా ఉండు.

నీ తమ్ముడు


మన ఇల్లు, కింది గది
జూన్ 18

తమ్ముడూ,

ముందు ఆశీస్సులు. కొడుకు శనివారం వచ్చాడు. బస్సు దిగి గుమ్మం దగ్గర ఆగి, చెప్పులు ఎక్కడ విడవాలని అడిగాడు. అంతే, పెద్దావిడకు ఏడుపు ఆగలేదు. ఇన్ని నెలల్లో ఆవిడ ఏడవగా నేను చూడలేదు. కోడలు మాత్రం ఏడవలేదు, సోమవారంనుంచి ఆ బట్టలుతికే కంపెనీలో చేరుతున్నానని మొగుడితో గబగబా చెప్పేసింది. టైంటేబుల్ చించేశాను. గంట ఇప్పుడు పెద్దావిడ దగ్గరుంది. టీ కాగితే ఆవిడ గంట కొడుతుంది, నేను పైకి వెళ్తాను.

ఆవిడతో మొదటిసారి అమ్మ భాషలో మాట్లాడిన రోజు సంగతి చెప్పలేదు కదూ. తాళంచెవి చేతిలో పెట్టి "నాకు చెవులు బాగానే వినపడతాయి" అన్నాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "యాస చాలా పాతది, మా అమ్మమ్మలా మాట్లాడుతున్నావు" అని, రెండు తప్పులు దిద్దింది. కోపం రాలేదు. నాకే ఆశ్చర్యం.

నోటీసు బోర్డు సంగతి. అది ఎవరూ చదవరని ధైర్యంగా ఉన్నాను. పన్నెండు రోజులు ఎవరూ చదవలేదు. పదమూడో రోజు మేడావిడ తన నాలుగో అంతస్తు ప్లాను వచ్చిందేమోనని చూడబోయి, నాది చదివింది. ముందూ వెనకా. మర్నాడు సంఘం అత్యవసరంగా సమావేశమైంది. కార్యదర్శినైనా నన్ను పిలవలేదు. వెలేస్తారనుకుని రెండు రోజులు గుమ్మం దాటలేదు.

ఇవాళ పొద్దున్న తలుపు తట్టారు. మేడావిడ, వెనక ఇంకో ఇద్దరు. ఆవిడ చేతిలో ఒక దుప్పటి. నా ఉపన్యాసాలన్నిటికీ ముందు వరసలో చప్పట్లు కొట్టిన మనిషి. ఆవిడ మనవడికి నాలుక తిరగని మాటలు దిద్దింది నేనే. ఆవిడ దుప్పటి నా చేతుల్లో పెట్టి, నా భుజం మీద చెయ్యి వేసి, మొహం నా మొహం దగ్గరకు తెచ్చి, గట్టిగా అడిగింది:

"మీ-కు, ఏ-మై-నా, కా-వా-లా?"

పై నుంచి పెద్దావిడ "ఎవరు? ఏమంటోంది?" అని అడిగింది. అమ్మ ఇదే గుమ్మంలో, ఇదే మాటకు, నా వంక చూసి నోరు మూసుకున్న రోజులన్నీ గుర్తొచ్చాయి. తర్వాత తల పైకెత్తి, అమ్మ భాషలో, అమ్మ యాసలో, వీధి చివర గుండీల కొట్టు దాకా వినపడేలా చెప్పాను: "చుట్టాలొచ్చారు వదినా, ఇంకో మూడు కప్పులు ఎక్కువ పెట్టు!"

మేడావిడ రెండడుగులు వెనక్కి వేసింది. "అయ్యో, మీ గొంతుకేమైందండీ?" అంది.

ఏమీ కాలేదని చెప్పాను. నా గొంతు బాగానే ఉంది.

నీ అక్క